అన్న రాసిన గమనికలు రాలిపోకుండా: బుక్‌మార్కులను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చుకోవడం

మన హాస్టల్‌లో ఒక ఆనవాయితీ ఉంది. చదువు పూర్తయి వెళ్ళిపోయే బ్యాచ్ తమ బకెట్లు, టేబుల్ ఫ్యాను, జిరాక్స్ నోట్సులు వచ్చే బ్యాచ్‌కి అప్పగించి వెళ్తుంది. హబ్సిగూడ నుంచి తార్నాక మీదుగా క్యాంపస్‌కి ఏ దారిలో నడిస్తే ఎండ తక్కువో, లైబ్రరీలో ఏ మూల కూర్చుంటే ప్లగ్ పాయింటు పనిచేస్తుందో కూడా చెప్పి వెళ్తుంది. కొన్నేళ్ళుగా వీటితో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా చేతులు మారుతోంది. అందులో ఉన్నది బుక్‌మార్కుల ఫైలు.

2015 నుంచి 2017 వరకు ఇక్కడ ఉండి పీజీ చేసిన ఒక అన్న ఆ ఫైలును తయారుచేశాడు. అందులో స్కాలర్‌షిప్, నెట్ పరీక్ష, గ్రూప్స్, సబ్జెక్టు, తెలుగు పుస్తకాలు అని ఫోల్డర్లు ఉన్నాయి. ముఖ్యమైన లింకుల కింద తెలుగులో చిన్న చిన్న గమనికలు రాశాడు. "చివరి రోజు దాకా ఆగవద్దు, ఆ రోజు సైటు తెరుచుకోదు" అని ఒకచోట. "కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసుకుని ఈ పేజీ తెరవండి" అని మరోచోట. "ఈ సైటులో మూడో యూనిట్ ఒక్కటే బాగుంది, మిగతాది పుస్తకంలో చదవండి" అని ఇంకోచోట.

మా ఇళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళు మాకు ముందు ఎవరూ లేరు. జేఆర్‌ఎఫ్ అంటే ఏమిటి, దరఖాస్తులో ఏ గడిలో ఏమి నింపాలి అని ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు లేదు. అలాంటి మాకు ఆ గమనికలే పెద్దన్న మాటలు.

పోయిన సంవత్సరం మా చేతికి పెన్‌డ్రైవ్ వచ్చింది. తెరిచి చూస్తే లింకులన్నీ ఉన్నాయి, గమనిక ఒక్కటీ లేదు. ఎవరూ తుడిచివేయలేదు. మధ్యలో ఒక బ్యాచ్ ఆ ఫైలును వేరే బ్రౌజర్‌లోకి ఎక్కించుకుని, కొత్త లింకులు కొన్ని చేర్చి, తిరిగి అదే పేరుతో పెన్‌డ్రైవ్‌లో భద్రపరిచింది. ఆ మార్పిడిలో గమనికలు చప్పుడు లేకుండా రాలిపోయాయి. చివరకు ఆ అన్నకే ఫోన్ చేశాం. ఇప్పుడు జిల్లాలో లెక్చరర్‌గా ఉన్న ఆయన తన పాత మెయిల్‌లో వెతికి అసలు ఫైలు పంపించాడు.

అలా మా చేతిలో రెండు ఫైళ్ళు మిగిలాయి. ఒకదానిలో గమనికలు ఉన్నాయి, కొత్త లింకులు లేవు. రెండోదానిలో కొత్త లింకులు ఉన్నాయి, గమనికలు లేవు. ఇంతలో మరో సీనియర్ 2000ల నాటి తన సీడీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. అది మూడో రూపం. ఈ మూడింటినీ కలపడానికి మేము పైథాన్ భాషలో ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాం. ఆ పని చేస్తూ నేర్చుకున్నది అందరికీ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

బుక్‌మార్కులో ఏముంటుంది?

హబ్సిగూడలో ఎవరినైనా ఇల్లు అడిగితే "స్ట్రీట్ నంబర్ 8" అంటారు. అది చిరునామా. "ఫలానా వాళ్ళ ఇల్లు" అనేది పేరు. "మెట్రో దిగి ఎడమ చేతికి తిరగండి, కుక్క ఉంటుంది జాగ్రత్త" అనేది గమనిక. బుక్‌మార్కు కూడా ఇంతే. ప్రతి బుక్‌మార్కులో పేరు, చిరునామా తప్పక ఉంటాయి. అది ఏ ఫోల్డరులో ఉంది, ఎప్పుడు భద్రపరిచాం అనేవి చాలాసార్లు ఉంటాయి. గమనిక కొన్ని రూపాల్లోనే ఉంటుంది. రూపం మార్చడం అంటే ఈ అయిదింటినీ ఒక సంచిలోంచి మరో సంచిలోకి సర్దడమే. కొత్త సంచిలో అన్నింటికీ అర లేకపోతే ఏదో ఒకటి బయట మిగిలిపోతుంది. ఏది మిగిలిపోతుందో మనమే చూసుకోవాలి, బ్రౌజర్ మనకు చెప్పదు.

వాడుకలో ఉన్న నాలుగు రూపాలు

మొదటిది నెట్‌స్కేప్ రూపం. 1993 నాటి మొజాయిక్ బ్రౌజర్‌లో ఇలా దాచుకున్న లింకుల పట్టికను హాట్‌లిస్ట్ అనేవారు. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజర్ బుక్‌మార్కులను మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలులో దాచేది. 2008లో నెట్‌స్కేప్‌కు మద్దతు ఆగిపోయింది. కానీ ఆ ఫైలు రూపం బతికే ఉంది. ఈనాటికీ క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లన్నీ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఇచ్చేది ఈ రూపమే. మొదటి వరుసలో నెట్‌స్కేప్ పేరు కూడా అలాగే ఉంటుంది. ఇందులో ఫోల్డరు పేరు హెచ్ 3 అనే ట్యాగులో, లింకు ఏ అనే ట్యాగులో, గమనిక డీడీ అనే ట్యాగులో ఉంటాయి. ఫోల్డరు లోపలి సరుకంతా డీఎల్ అనే ట్యాగు మధ్యలో ఉంటుంది.

రెండోది క్రోమ్ రూపం. క్రోమ్ తన లోపల బుక్‌మార్కులను జేసన్ అనే పద్ధతిలో, బుక్‌మార్క్స్ అనే పేరుగల ఫైలులో దాస్తుంది. ఆ పేరు చివర చుక్క, పొడిగింపు ఏమీ ఉండవు. జేసన్ కూడా అక్షరాలతో ఉండే ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవవచ్చు. ఇందులో పేరు, చిరునామా, తేదీ, ఫోల్డరు ఉంటాయి. గమనికకు గడి లేదు. మన అన్న మాటలు పోయింది ఇక్కడే.

మూడోది ఫైర్‌ఫాక్స్ రూపం. 2008లో వచ్చిన మూడో వెర్షను నుంచి ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులను ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో దాస్తోంది. అందులో చిరునామాలు ఒక పట్టికలో, బుక్‌మార్కుల పేర్లు, ఫోల్డర్లు మరో పట్టికలో ఉంటాయి. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో బుక్‌మార్కు కింద వివరణ రాసుకునే గడి ఉండేది. 2018 సెప్టెంబరులో వచ్చిన 62వ వెర్షనులో ఆ గడిని తీసేశారు. మన అన్న 2017లోనే హెచ్‌టీఎంఎల్‌గా తీసిపెట్టుకోవడం వల్ల గమనికలు దక్కాయి.

నాలుగోది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రూపం. ఇది అన్నింటికంటే తేలిక. ఫేవరెట్స్ అనే ఫోల్డరులో ఒక్కొక్క లింకు ఒక్కొక్క చిన్న ఫైలు. ఫైలు పేరే లింకు పేరు. ఫైలు తెరిస్తే చిరునామా ఒక వరుసలో కనిపిస్తుంది. 2022 జూన్ 15తో ఆ బ్రౌజర్‌కు మద్దతు ముగిసింది. అయినా సీనియర్ ఇచ్చిన సీడీలోని ఫైళ్ళన్నీ ఇప్పటికీ చక్కగా చదవగలిగాం.

దీన్నిబట్టి ఒక సంగతి గమనించవచ్చు. బ్రౌజర్లు పోయాయి, కంపెనీలు పోయాయి, మామూలు అక్షరాల ఫైళ్ళు మిగిలాయి. లింకులను నెట్‌లోనే దాచిపెట్టే సేవల సంగతి కూడా చూడండి. 2003లో మొదలైన డెలీషియస్ ఎన్నో చేతులు మారి 2017లో ఆగిపోయింది. గూగుల్ బుక్‌మార్క్స్ 2021లో, పాకెట్ 2025లో మూతపడ్డాయి. గడువులోగా తమ ఫైలు దించుకున్నవాళ్ళకే లింకులు దక్కాయి.

తేదీల చిక్కు

మేము ఎక్కువ సమయం పోగొట్టుకున్నది తేదీల దగ్గర. ఈ ఫైళ్ళలో తేదీ మనం రాసే పద్ధతిలో ఉండదు. ఒక పెద్ద అంకె ఉంటుంది. ఒక నిర్ణీత రోజు నుంచి ఎంత కాలం గడిచిందో ఆ అంకె చెబుతుంది. ఆ నిర్ణీత రోజు అన్ని రూపాల్లో ఒకటే కాదు.

నెట్‌స్కేప్ రూపంలో 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. ఇప్పటి తేదీలకు ఇది 10 అంకెల సంఖ్య.

ఫైర్‌ఫాక్స్ డేటాబేస్‌లో అదే 1970 జనవరి 1 నుంచి గడిచిన మైక్రోసెకన్లు, అంటే సెకనులో పదిలక్షో వంతులు. ఇది 16 అంకెల సంఖ్య.

క్రోమ్‌లో 1601 జనవరి 1 నుంచి గడిచిన మైక్రోసెకన్లు. ఇది 17 అంకెల సంఖ్య. విండోస్ తన ఫైళ్ళ కాలాన్ని 1601 నుంచే లెక్కపెడుతుంది, క్రోమ్ కూడా ఆ సంవత్సరాన్నే తీసుకుంది.

కాబట్టి అంకెలు లెక్కపెడితే చాలు, అది ఏ ఇంటి తేదీయో తెలిసిపోతుంది. క్రోమ్ తేదీని నెట్‌స్కేప్ తేదీగా మార్చాలంటే మొదట పదిలక్షలతో భాగించాలి, తర్వాత 11644473600 తీసివేయాలి. ఈ సంఖ్య ఎక్కడిదంటారా? 1601 నుంచి 1970 వరకు 369 సంవత్సరాలు. అందులో లీపు రోజులు 89. మొత్తం 134774 రోజులు. రోజుకు 86400 సెకన్లు. రెండూ గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. కాగితం మీద వేసి చూడండి.

ఒక ఉదాహరణ. క్రోమ్ ఫైలులో 13348540800000000 అని ఉంది. పదిలక్షలతో భాగిస్తే 13348540800. అందులోంచి 11644473600 తీసేస్తే 1704067200. అది గ్రీన్‌విచ్ కాలం ప్రకారం 2024 జనవరి 1 అర్ధరాత్రి. మన కాలానికి అయిదున్నర గంటలు కలపాలి. మేము మొదటిసారి ఈ తీసివేత మరిచిపోయాం. ఆ లింకును 2392వ సంవత్సరంలో భద్రపరిచినట్లు వచ్చింది. రూములో అందరం నవ్వుకున్నాం గానీ, తేదీ తప్పయితే నష్టమే. నోటిఫికేషన్ లింకు ఏ సంవత్సరానిదో తేదీని బట్టే తెలుస్తుంది.

స్క్రిప్టు ఎలా నడుస్తుంది?

పైథాన్ ఉచితంగా దొరికే భాష. జేసన్, హెచ్‌టీఎంఎల్, ఎస్‌క్యూలైట్ మూడింటినీ చదివే పనిముట్లు దానితో పాటే వస్తాయి. వేరే ఏదీ దించుకోనవసరం లేదు. ప్రోగ్రాం నడక అర్థం కావడానికి దాన్ని ఇక్కడ తెలుగు వాక్యాల్లోనే రాస్తున్నాం. తర్కం అర్థమైతే పైథాన్‌లో రాయడం ఒక ఆదివారం పని.

క్రోమ్ ఫైలుకు:

విప్పు అనే పని (దీనికి ఒక పెట్టె, ఆ పెట్టె దాకా వచ్చిన దారి ఇవ్వాలి)
1. పెట్టెలోని వస్తువులను ఒక్కొక్కటిగా తీయి.
2. తీసిన వస్తువు లింకు అయితే దారి, పేరు, చిరునామా, తేదీ ఒక వరుసలో రాసుకో.
3. తీసిన వస్తువు ఫోల్డరు అయితే దాని పేరును దారికి చేర్చు. ఆ ఫోల్డరునే కొత్త పెట్టెగా ఇచ్చి విప్పు పనిని మళ్ళీ పిలువు.
4. వస్తువులు అయిపోతే వెనక్కి రా.

మూడో మెట్టు చూడండి. విప్పు అనే పని తనను తానే పిలుచుకుంటోంది. దీన్ని రికర్షన్ అంటారు. డేటా స్ట్రక్చర్స్ పేపరులో దీన్ని చూసి భయపడేవాళ్ళు ఉన్నారు. ట్రంకుపెట్టెలో డబ్బా, డబ్బాలో సంచి, సంచిలో చిల్లర ఉంటే మనం ఎలా వెతుకుతామో అదే రికర్షన్. పెట్టె ఎంత లోతుగా ఉన్నా పద్ధతి ఒక్కటే.

నెట్‌స్కేప్ ఫైలుకు పద్ధతి కాస్త వేరు. ఈ ఫైలులో కొన్ని ట్యాగులు తెరుస్తారు గానీ మూయరు. అందుకని కచ్చితమైన ఎక్స్ఎంఎల్ పనిముట్టు దీన్ని చదవనని మొరాయిస్తుంది. తప్పులను సర్దుకుపోయే హెచ్‌టీఎంఎల్ పనిముట్టు వాడాలి. అది ఫైలును పైనుంచి కిందికి చదువుతూ ఏ ట్యాగు కనిపించిందో మనకు చెబుతూ ఉంటుంది. మనం ఒక దొంతర పెట్టుకుంటాం.

1. హెచ్ 3 కనిపిస్తే లోపలి మాటను ఫోల్డరు పేరుగా గుర్తుపెట్టుకో.
2. డీఎల్ తెరుచుకుంటే గుర్తుపెట్టుకున్న పేరును దొంతర మీద పెట్టు.
3. డీఎల్ మూసుకుంటే దొంతర మీది పేరు ఒకటి తీసేయి.
4. ఏ ట్యాగు తెరుచుకుంటే చిరునామా, తేదీ తీసుకుని కొత్త వరుస ప్రారంభించు. అప్పుడు దొంతరలో ఉన్న పేర్లన్నీ కలిపితే అదే ఫోల్డరు దారి.
5. డీడీ కనిపిస్తే లోపలి మాటను ఇంతకు ముందు రాసిన వరుసకు గమనికగా చేర్చు.

అయిదో మెట్టు లేకపోయినా స్క్రిప్టు నడుస్తుంది, తప్పు చూపించదు, లింకులన్నీ వస్తాయి. అందుకే అది ప్రమాదకరం. మేము మొదట రాసిన స్క్రిప్టులో ఈ మెట్టు లేదు. అంటే ఎవరి మీద అయితే విసుక్కున్నామో, ఆ పాత బ్యాచ్ చేసిన పనే మేమూ చేశామన్నమాట.

నాలుగు రూపాల నుంచి వచ్చిన వరుసలన్నీ ఒకే పట్టికలో పెట్టాం. ఫోల్డరు దారి, పేరు, చిరునామా, తేదీ, గమనిక అని అయిదు గడులు. దీన్ని సీఎస్‌వీ ఫైలుగా దాచుకున్నాం. అసలు ప్రతి ఇదే. దీనిలోంచి మళ్ళీ నెట్‌స్కేప్ రూపం తయారుచేసుకుంటే ఏ బ్రౌజర్‌లోకైనా ఎక్కించుకోవచ్చు. క్రోమ్ సొంత ఫైలులో నేరుగా ఏమీ రాయకండి. బ్రౌజర్‌లోని ఇంపోర్ట్ ద్వారానే ఎక్కించండి.

మరి క్రోమ్‌లో గమనికకు గడి లేదు కదా? దానికి ఒక చిన్న ఉపాయం చేశాం. నెట్‌స్కేప్ ఫైలు తయారుచేసేటప్పుడు గమనికను పేరు పక్కనే ఒక గీత పెట్టి అతికించాం. పేరు పొడవవుతుంది, చూడడానికి అంత అందంగా ఉండదు. కానీ పేరు లేని బ్రౌజర్ లేదు కాబట్టి గమనిక ఇక ఎక్కడికి వెళ్ళినా వెంటే వస్తుంది.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త

ఇంగ్లీషు లింకులకు రాని కొన్ని ఇబ్బందులు మనకు వస్తాయి.

ఒకటి. ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని స్క్రిప్టులో స్పష్టంగా చెప్పాలి. విండోస్ కంప్యూటర్‌లో చెప్పకుండా వదిలేస్తే తెలుగు గమనికలన్నీ పిచ్చి గీతలుగా మారవచ్చు, లేదా స్క్రిప్టు మధ్యలోనే ఆగిపోవచ్చు. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరవాలనుకుంటే రాసేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అని చెప్పండి. అప్పుడు ఫైలు మొదట ఒక గుర్తు చేరుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ తెలుగును తెలుగుగా చూపిస్తుంది.

రెండు. తెలుగు వికీపీడియా చిరునామాను కాపీ చేస్తే పర్సెంట్ గుర్తులతో బారెడు పొడవు వస్తుంది. అది పాడైన లింకు కాదు. "తెలుగు" అనే మాట మనకు మూడు అక్షరాలే అయినా, యూనికోడ్‌లో గుణింతాలను విడిగా లెక్కపెడతారు కాబట్టి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, మొత్తం 18. చిరునామాలో ఒక్కో బైటును మూడు గుర్తులతో రాస్తారు, మొత్తం 54. దాన్ని తిరిగి తెలుగులో చూపించే పనిముట్టు పైథాన్‌లోనే ఉంది. చూడడానికి తెలుగులోకి మార్చుకోండి, దాచేటప్పుడు మాత్రం అసలు చిరునామానే దాచండి.

మూడు. చిరునామాలో ఉండే & గుర్తును హెచ్‌టీఎంఎల్ ఫైలులో మరో విధంగా రాస్తారు. ఆ గుర్తు తర్వాత ఏఎంపీ అనే అక్షరాలు, సెమీకోలన్ చేరతాయి. చదివేటప్పుడు దాన్ని మామూలు గుర్తుగా, రాసేటప్పుడు మళ్ళీ ఆ రూపంలోకి మార్చాలి. లేకపోతే ఫలితాల పేజీలు, దరఖాస్తు పేజీలు తెరుచుకోవు.

ఈ యూనికోడ్ మాకు ఒక మేలు కూడా చేసింది. పాత ఫైర్‌ఫాక్స్ వివరణ గడిలో కొన్నిసార్లు సైటువాళ్ళు రాసుకున్న ఇంగ్లీషు వివరణ తనంతట తానే వచ్చి చేరేది. కాబట్టి డీడీలో ఉన్నదంతా అన్న రాసింది కాదు. వేరు చేయడం ఎలా? యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. వివరణలో ఈ మధ్య సంఖ్యగల అక్షరం ఒక్కటైనా ఉంటే అది అన్న మాట అనుకోమని స్క్రిప్టుకు చెప్పాం. ఒక్క వరుస షరతుతో ఆయన రాసిన గమనికలన్నీ విడిగా వచ్చి నిలబడ్డాయి.

మెస్ రిజిస్టరు లెక్క

మెస్‌లో వచ్చిన బియ్యం, వండిన బియ్యం, మిగిలిన బియ్యం రోజూ సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో తేడా ఉన్నట్లే. స్క్రిప్టుకు కూడా ఇదే లెక్క పెట్టండి. వచ్చిన లింకులు ఎన్నో, కొత్త పట్టికలో చేరినవి, రెండుసార్లు ఉన్నవి, వదిలేసినవి కలిపి అన్నే ఉండాలి.

మాకు వచ్చినవి 538. చేరినవి 471, రెండుసార్లు ఉన్నవి 52, వదిలేసినవి 9. కలిపితే 532. ఆరు తక్కువ. రెండు రోజులు వెతికాం. ఆ ఆరు లింకులకు పేరు లేదు, ఖాళీగా భద్రపరిచారు. మా స్క్రిప్టు పేరు చదివినప్పుడే వరుస రాస్తోంది, పేరు లేనివి జారిపోయాయి. పైన నాలుగో మెట్టులో "ట్యాగు తెరుచుకుంటే కొత్త వరుస ప్రారంభించు" అని రాసింది అందుకే. లెక్క వేయకపోయి ఉంటే ఆ ఆరింటి సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ ఆరింటిలో ఒకటి శోధగంగలోని ఒక సిద్ధాంతగ్రంథం లింకు. మా రూమ్‌మేట్ ప్రాజెక్టుకు అదే ఆధారమయింది.

వదిలేసిన తొమ్మిది ఏమిటంటే, జావాస్క్రిప్ట్ అనే మాటతో మొదలయ్యేవి, బ్రౌజర్ సొంత పేజీలు. అవి వేరే కంప్యూటర్‌లో పనికిరావు. రెండుసార్లు ఉన్నవాటి విషయంలో పాత తేదీని ఉంచాం, రెండు గమనికలు ఉంటే రెండూ ఉంచాం. చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా చెత్త అనుకుని కత్తిరించకండి. చాలా ప్రభుత్వ సైట్లలో ఏ పేజీ అన్నది చెప్పేది ఆ భాగమే.

తెరుచుకోని లింకులను ఏం చేయాలి?

పట్టిక తయారయ్యాక లింకులను తెరిచి చూస్తే చాలా తెరుచుకోలేదు. మొదట తీసేద్దామనుకున్నాం. తర్వాత ఒక్కొక్కటి చూస్తే వాటికీ కథ ఉంది.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక అనేక శాఖల సైట్లు రెండుగా విడిపోయాయి. అదే సంవత్సరం ఏర్పడిన తెలంగాణ సర్వీస్ కమిషన్ టీఎస్‌పీఎస్‌సీ, 2024లో టీజీపీఎస్‌సీ అయింది. పేరుతో పాటు చిరునామా మారింది. అన్న చదివే రోజుల్లో యూజీసీ నెట్ పరీక్షను సీబీఎస్‌ఈ నిర్వహించేది. 2018 డిసెంబరు నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తోంది. అందువల్ల పాత నెట్ లింకులు పనిచేయవు. తెలుగు పుస్తకాల ఫోల్డరులో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లింకులు ఉన్నాయి. ఆ పాత సైటు ఇప్పుడు లేదు. కానీ అందులోని తెలుగు పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. పుస్తకం పేరు బుక్‌మార్కులో ఉంది కాబట్టే మళ్ళీ వెతుక్కోగలిగాం.

అందుకని మేము పట్టికలో ఆరో గడి చేర్చాం. దాని పేరు "స్థితి". పనిచేస్తోంది, మారింది, తెరుచుకోలేదు అని రాసుకుంటాం. తెరుచుకోనివాటిని తీసేయలేదు, "పాతవి" అనే ఫోల్డరులో పెట్టాం. పాత పేజీలో ఏముండేదో చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ ఉంది, 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ఆ పేజీ అక్కడ దొరికితే పాత చిరునామా ఇస్తే చాలు, ఆనాటి రూపం కనిపిస్తుంది. చిరునామా చేతిలో ఉన్నవాడికే ఆ తలుపు తెరుచుకుంటుంది.

అన్న గమనికల్లో కూడా కొన్ని పాతబడ్డాయి. సైటు మారింది, గడులు మారాయి. కానీ "చివరి రోజు దాకా ఆగవద్దు" అన్న మాట మాత్రం ఏ సైటుకైనా పనికివస్తుంది.

మీరు చేయవలసినవి

1. క్రోమ్‌లో గానీ ఫైర్‌ఫాక్స్‌లో గానీ కంట్రోల్, షిఫ్ట్, ఓ మూడు మీటలు కలిపి నొక్కండి. బుక్‌మార్కుల పేజీ తెరుచుకుంటుంది. అక్కడ హెచ్‌టీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసే ఏర్పాటు ఉంటుంది. సెమిస్టరుకు ఒకసారైనా చేయండి.

2. ఫైలు పేరులో తేదీ పెట్టండి. పాత ఫైలు మీద కొత్తది ఎన్నడూ రాయకండి. మాకు నష్టం జరిగింది ఆ ఒక్క పొరపాటు వల్లే.

3. ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో, ఒక ప్రతి మీ మెయిల్‌లో ఉంచుకోండి. మమ్మల్ని కాపాడింది పాత మెయిలే.

4. ఫోన్లో భద్రపరిచిన లింకులను ఖాతా ద్వారా కంప్యూటర్‌కి తెచ్చుకుని అక్కడి నుంచి ఎక్స్‌పోర్ట్ చేయడం సులభం.

5. ల్యాబ్‌లో, నెట్ సెంటర్‌లో పనిచేసేటప్పుడు మీ ఖాతా నుంచి బయటికి వచ్చి లేవండి. బుక్‌మార్కుల ఫైలులో పాస్‌వర్డులు ఉండవు గానీ, మీరు ఏమేమి వెతుక్కుంటున్నారో అంతా ఉంటుంది.

6. ఫైలును మరొకరికి ఇచ్చే ముందు మీ సొంత లింకులు తీసివేయండి, గమనికలు మాత్రం ఉంచండి.

ఈ సంవత్సరం మన పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్ళు ఉన్నాయి. అన్న పంపిన అసలు ఫైలు ఉన్నది ఉన్నట్లుగా ఒకటి. అన్నీ కలిపిన సీఎస్‌వీ పట్టిక ఒకటి. బ్రౌజర్‌లోకి ఎక్కించుకునే ఫైలు ఒకటి. స్క్రిప్టు కూడా పక్కనే ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు, తప్పులుంటే సరిదిద్దవచ్చు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీకు ఒక మంచి పేజీ దొరికినప్పుడు లింకు దాచుకుని ఊరుకోకండి. దాని కింద ఒక్క వాక్యం రాయండి, తెలుగులోనే రాయండి. ఇది ఎవరికి పనికివస్తుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి అని. వెతికితే చిరునామా ఎవరికైనా దొరుకుతుంది. మీరు పడిన ఇబ్బంది మీరు రాస్తేనే వెనక వచ్చేవాళ్ళకు తెలుస్తుంది. ఇక ఇక్కడ చదువుకుని వెళ్ళిన అన్నలకు, అక్కలకు మా విన్నపం: మీ పాత కంప్యూటర్లలో, సీడీలలో, మెయిళ్ళలో ఇలాంటి ఫైళ్ళు ఉంటే ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి. అవి ఏ రూపంలో ఉన్నా సరే, మార్చుకోవడం మేము నేర్చుకున్నాం.